నాలుగో గుమ్మం దగ్గర నలభై ఒక్క ఓటములు

ఫోను మోగేసరికి కోడలి చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. గిన్నెల స్టాండుకి ఆనించిన ఫోను రింగుకో అంగుళం జరుగుతూ సింకులోకి దూకడానికి తయారుగా ఉంది. తెర మీద "పెద్దక్క" అని కనిపించగానే ఆమె వంగి, ముక్కు కొనతో ఒకసారి పచ్చ గుర్తునీ, ఇంకోసారి స్పీకరు గుర్తునీ నొక్కింది. ఆ రెండో నొక్కుడు నొక్కకపోయి ఉంటే ఈ వారం కథ ఇంకోలా నడిచేది.

ఈ ఫోను కోసం ఆమె ఎనిమిది రోజులుగా ఎదురుచూస్తోంది. పెళ్ళై నాలుగు నెలలు. ఉన్న ఊళ్ళో ఉన్న ఉద్యోగం వదిలేసి మొగుడి ఊరు వచ్చింది. మొగుడు వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో రాళ్ళూ చెట్లూ మెట్లూ, అవసరమైతే మనుషుల్నీ గీస్తాడు. ఇంకా బయటికి రాని గేమును కొందరి ఇళ్ళకి పంపి ఆడించి చూసుకోవడం ఆ కంపెనీ పద్ధతి. అలా ఒక ఆటపెట్టె ఈ ఇంటికీ వచ్చింది. నిచ్చెన మోసుకెళ్ళే ఒక పిల్లని నడిపిస్తూ, కోటలో అడ్డుపడేవాళ్ళని గెలిచి గుమ్మం తరవాత గుమ్మం దాటిస్తూ దీపాలు వెలిగించడం ఆ ఆట. పన్నెండో ఏట నుంచీ గేములాడుతున్న కోడలు ఆడి ఊరుకోలేదు, ఆరు పేజీల అభిప్రాయాలు రాసి కంపెనీ నడిపే పెద్దక్కకి పంపింది. మొదటి పేజీ మొదటి వాక్యమే "కష్టం వేరు, కక్ష వేరు" అని. పంపిన మర్నాటి నుంచీ, అంత పెడసరంగా రాయకుండా ఉండాల్సిందని గోళ్ళు కొరుక్కుంటోంది.

"ఆరు పేజీలూ చదివామమ్మా. నేనైతే రెండుసార్లు చదివాను" అంది పెద్దక్క గొంతు, వంటిల్లంతా వినపడేలా. "సోమవారం నుంచి వచ్చి మాతో పనిచేస్తారా? ఇలాగే ఆడటం, ఇలాగే మొహమాటం లేకుండా చెప్పడం. అదే ఉద్యోగం."

కోడలు నోరు తెరిచింది. చేతిలో ఉన్న గరిటె మీంచి నురగ జారి పాదం మీద పడింది.

"వింటున్నారా?"

"వింటున్నానండీ. వస్తానండీ. సోమవారం కాకపోతే ఆదివారమైనా వస్తానండీ."

పెద్దక్క నవ్వింది. "మీలో నాకు నచ్చిందేమిటో చెప్పనా? నాలుగో గుమ్మం కాపలావాడు అన్యాయం అని రాశారు. ఆ మాట చాలామంది అన్నారు. కానీ అన్నవాళ్ళంతా ఓడిపోయినవాళ్ళే. ఆ గుమ్మం తయారుచేసినతను, మేం లెక్కల మాస్టారనే పిలుస్తాం, వాళ్ళందర్నీ ఆడలేక మద్దెల ఓడని కొట్టిపారేశాడు. మీరు అలా కాదు. నలభై ఒక్కసారి ఓడిపోయి, నలభై రెండోసారి గెలిచి, అప్పుడు కూడా అన్యాయమే అన్నారు. గెలిచిన మనిషి అంటే వినాలి కదా. కాపలావాణ్ణి మెత్తబరుస్తున్నాం. రేపు సాయంత్రంతో ఆ గుమ్మానికి తాళం పడుతుంది. ఆ తరవాత దాన్నిక ఎవరూ ముట్టుకోరు. లెక్కల కాగితం మీకూ పంపుతున్నాను, సరదాగా చూసుకోండి."

ఫోను పెట్టేసింది.

సగం గడ్డం గీసుకుని, మిగతా సగం నురగతో మొగుడు బాత్రూములోంచి పరుగెత్తుకొచ్చాడు. అన్నీ విన్నాడు. స్పీకరు పుణ్యమా అని ఇంటి గోడలు కూడా విన్నాయి. ఆమె రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. అతని చెంప నురగ ఆమె చెవికీ, ఆమె చేతి నురగ అతని చొక్కాకీ అంటుకున్నాయి. గరిటె ఎక్కడో పడి గింగిరాలు తిరిగింది. నాలుగు నెలల్లో ఆమెకి ఈ ఇల్లు ఇంత ఇరుగ్గా, ఇంత ముద్దుగా ఎప్పుడూ కనిపించలేదు. కిటికీలోంచి పడుతున్న ఎండ కూడా తన కోసమే గిన్నెల మీద మెరుస్తున్నట్టుంది.

"చెప్పానా లేదా, నువ్వు రాస్తే వాళ్ళు ఊరుకోరని."

"మీరు చెప్పింది అది కాదు. 'ఆరు పేజీలు రాస్తే నా ఉద్యోగం పోతుంది' అన్నారు." అత్తగారు పక్కగదిలో ఉన్నప్పుడు ఆమె మొగుణ్ణి మీరు అంటుంది. గది తలుపు వేసుంటే నువ్వు.

అత్తగారు భోజనాల బల్ల దగ్గర పేపరు చదువుకుంటోంది. "మంచిదమ్మాయ్" అంది పేపరు దించకుండా. అంతే. మూడు దశాబ్దాలు టైపు నేర్పిన మనిషి. వీధి వీధంతా ఆవిణ్ణి ఇప్పటికీ టైపు మేడమ్ అనే పిలుస్తుంది. కూర్చున్న చోట ఎప్పుడూ బల్ల మీద వేళ్ళతో ఏదో ఒకటి కొడుతూనే ఉంటుంది. ఇప్పుడు మాత్రం ఆ వేళ్ళు పేపరు అంచుని గట్టిగా పట్టుకుని కదలకుండా ఉన్నాయి.

కోడలి చెవిలో అప్పుడు తగిలింది ఆ మాట. నలభై ఒకటి.

"నలభై ఒకటేమిటి?" అంది, తిరగడం ఆపేసి. "నేను ఓడింది తొమ్మిదిసార్లు."

"లెక్క తప్పుంటావు."

"ఓడిపోయిన లెక్క ఎవరైనా తప్పుతారా? తొమ్మిది. తొమ్మిదోసారి రిమోటు సోఫా మీద పారేసి, నీకో దండం అని చెప్పి వచ్చేశాను. ఆ గుమ్మం నేను దాటలేదు. దాటలేదనే కదా అన్యాయం అని రాసింది."

ఫోను టింగుమంది. పెద్దక్క పంపిన కాగితం. ఎవరు ఏ గుమ్మం దగ్గర ఎన్నిసార్లు ఓడారో, ఏ రోజు ఏ గంటకి ఓడారో ఆటపెట్టె దానంతటదే రాసుకుంటుందట. ఈ ఇంటి పెట్టెకి "ఇంటావిడ" అని ఒకటే పేరు పెట్టారు. ఇంటావిడ నాలుగో గుమ్మం దగ్గర ఓడిన వేళలు వరసగా ఉన్నాయి. మధ్యాహ్నం రెండున్నర, మూడుంపావు, ఇవి ఆమెవే. ఆ తరవాత ఉదయం పది గంటల ఆరు నిమిషాలు. పది ఇరవై. పది నలభై. పదకొండుంపావు. ఒక రోజు కాదు, వారమంతా. చివరికి, ఆరు పేజీలు పంపిన రోజునే పదకొండూ పదికి గెలుపు.

"ఉదయం పదింటికి నేను డ్రైవింగు క్లాసులో ఉంటాను" అంది ఆమె మెల్లిగా. "నువ్వు ఆడావా?" మీరు అనడం మరిచిపోయింది.

"నేనా? ఆ కాపలావాడి వెనక గోడ మీద నాచు గియ్యడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ నాచు దాకా నేనెప్పుడూ ఆడి వెళ్ళలేదు. రెండో గుమ్మం దగ్గరే నా పని ఐపోతుంది. పైగా పదింటికి నేను ఆఫీసులో."

నువ్వు డ్రైవింగులో, నేను ఆఫీసులో. ఆ వాక్యం పూర్తి చెయ్యాల్సిన అవసరం ఇద్దరికీ కలగలేదు. ఇద్దరి తలలూ ఒకేసారి భోజనాల బల్ల వైపు తిరిగాయి. అత్తగారు తేలు కుట్టిన దొంగలా పేపరు వెనక బిగుసుకుని కూర్చుంది.

పేపరు అంచు మెల్లగా కిందికి జారి, మళ్ళీ పైకి లేచింది.

"నలభై ఒకటీ నావి కావు" అంది పేపరు వెనక నుంచి గొంతు. "నావి ముప్ఫై రెండే. తొమ్మిది నీవి. నీ తప్పులు నా ఖాతాలో రాయకు."

మొగుడు ఉన్నవాడు ఉన్నట్టే నేల మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "అమ్మా, నువ్వా? టీవీ రిమోటు రెండు నొక్కులు ఎక్కువ నొక్కితే పేలిపోతుందని భయపడే నువ్వా?"

"నవ్వితే నవ్వు. ఆ గడ్డం పూర్తిచేసుకుని నవ్వు, చూడలేకపోతున్నాను." అత్తగారు పేపరు మడిచింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఇందుకే చెప్పలేదు. ఈ వయసులో నిచ్చెన భుజానేసుకుని దీపాలు వెలిగించే పిల్లని నడిపిస్తున్నానంటే నవ్వుతావని తెలుసు."

"అసలు ఎలా మొదలైంది అత్తయ్యా?" కోడలు ఎదురుకుర్చీలో కూర్చుంది. ఆమెకి కోపం రావాలేమో అనిపించింది. వెతికితే దొరకలేదు.

"నీ వల్లే. ఈ ఇంటికొచ్చాక నువ్వు నవ్వుతావు, నవ్వవని కాదు. కానీ ఎవరూ చూడట్లేదనుకుని నవ్వే నవ్వొకటి ఉంటుంది చూడు, అది మధ్యాహ్నాలు ఆ పెట్టె ముందు కూర్చున్నప్పుడే నీ మొహంలో చూశాను. దాన్లో ఏముందా అని చూద్దామని కూర్చున్నాను. ఎవరి ఆట వాళ్ళు దాచుకునే ఖాళీలుంటాయి కదా, మూడో ఖాళీలో నాకో ఆట మొదలెట్టుకున్నాను. నీ ఆట జోలికి పోలేదు."

"మధ్యాహ్నాలు మీరు నిద్రపోతారు కదా?"

"ఎప్పుడు పోయాను? నేను మేలుకుని ఉంటే నువ్వు ఆ పెట్టె ముట్టుకోవు. నీ మొహమాటం చూడలేక కళ్ళు మూసుకుని పడుకునేదాన్ని."

కోడలు తల దించుకుంది. బల్ల మీద కనిపించని నూగుని గోటితో గీకింది. రెండు నెలలుగా తను అత్తగారి నిద్ర పాడవకూడదని మునివేళ్ళ మీద నడుస్తుంటే, ఆవిడ మెలకువగా పడుకుని తన ఆట పాడవకుండా కాపలా కాసిందన్నమాట.

ఆ మెత్తదనం ఎక్కువసేపు నిలవలేదు. ఎందుకంటే అత్తగారు తరవాతి మాట అనేసింది.

"అన్నట్టు, ఆ కాపలావాణ్ణి మెత్తబరుస్తారని చెప్పింది ఆవిడ. వీల్లేదు. ఆయన్ని ముట్టుకుంటే ఊరుకోను."

"అత్తయ్యా, ఆయన అన్యాయంగా కొడతాడు."

"కొడతాడు. కొట్టకపోతే కాపలావాడెందుకౌతాడు, దారి చూపించే బోర్డవుతాడు. ముప్ఫై మూడోసారి గెలిచినప్పుడు నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను తెలుసా. చప్పట్లు కొట్టడానికి ఇంట్లో ఎవరూ లేరు. నేనే కొట్టుకున్నాను. మెత్తబరిస్తే మొదటిసారే దాటేస్తారు. దాటి ఏం చెప్పుకుంటారు?"

"నేను కష్టం వద్దనట్లేదు. ఆట నన్ను ఓడించొచ్చు, కానీ ఎందుకు ఓడానో నాకు తెలియాలి. రెండో గుమ్మం చూడండి, తోడేలు దూకేముందు తోక దించుతుంది. ఓడితే, అయ్యో తోక చూడలేదు అనుకుంటాను, మళ్ళీ ఆడతాను. తప్పు నాది. కాపలావాడి దగ్గర అది లేదు. నిలబడి ఉంటాడు, నిలబడి ఉంటాడు, ఈటె నా కడుపులో ఉంటుంది. పైగా ఓడిన ప్రతిసారీ రెండొందల మెట్లూ మళ్ళీ ఎక్కించడం. అది శిక్ష, ఆట కాదు."

"ఆ మెట్లెక్కేటప్పుడే నాకు బుద్ధి పనిచేసేది. టైపులో తప్పు కొడితే కాగితం మార్చి మొదటి నుంచి కొట్టించేదాన్ని. రెండో కాగితానికి వేళ్ళే మాట వింటాయి."

"అందుకేనా మీ క్లాసులో సగం మంది రెండో నెలకి మానేసేవారు?" అన్నాడు కొడుకు నేల మీంచి.

"మానేసినవాళ్ళ సంగతి నాకు తెలీదు. ఉన్నవాళ్ళకి ఉద్యోగాలొచ్చాయి."

"మానేసినవాళ్ళ సంగతే నేను రాసింది అత్తయ్యా" అంది కోడలు.

అత్తగారు బల్ల మీద వేళ్ళతో రెండు అక్షరాలు కొట్టింది. గొంతు మార్చి, "అయినా పాపం, ఆయన మీద నాకు కోపం రాదు" అంది. "కోట ఖాళీ. లోపల కాపాడాల్సిందేమీ లేదు. డ్యూటీ అయిపోయిందని ఎవరూ వచ్చి చెప్పలేదాయనకి. గెలిచాక ఈటె కింద పెట్టి మెట్టు మీద కూర్చుంటాడు. ఎంత సేపటికి కూర్చున్నాడో అనిపించింది."

"కూర్చుంటాడా?" కోడలి కళ్ళు పెద్దవయ్యాయి. "నేను అయిదో పేజీలో రాశాను, ఈయన్ని గెలవాలనిపించట్లేదు, కాసేపు కూర్చోబెట్టాలనిపిస్తోంది అని. నిజంగా కూర్చుంటాడా?"

"కూర్చుని మోకాలు రుద్దుకుంటాడు."

అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి నిట్టూర్చారు. మొగుడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఇది తను గీసిన మనిషేనా అన్నట్టు తల గోక్కున్నాడు.

"సరే, అది కాదు" అంది అత్తగారు తేరుకుని. "చెప్పకుండా కొడతాడని ఎలా అంటావు? చెప్పే కొడతాడు. కొట్టేముందు కుడికాలు నేల మీద ఈడుస్తాడు, సర్రుమని. సర్రు వినగానే ఒకటి, రెండు అనుకుని పక్కకి జరగడమే. టైపు మెషిను గంట కొట్టగానే లైను మార్చినట్టు. నాకు అది పట్టుకోవడానికే ముప్ఫైసార్లు పట్టింది."

"ఏ సర్రు?" అంది కోడలు.

"అదే, కాలు ఈడ్చే చప్పుడు."

"చప్పుడా?"

బల్ల మీది పేపరుని ఆమె అప్రయత్నంగా ఇంకో నాలుగు మడతలు పెట్టేసింది. ఆటలో చప్పుడుంటుందని ఆమెకి తెలియక కాదు. మధ్యాహ్నాలు అత్తగారి నిద్ర పాడవుతుందని మొదటిరోజే టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి, నాలుగు గుమ్మాలూ మూగగానే ఆడిందామె. తోడేలు తోక కనిపించింది. కాపలావాడి కాలు కనిపించలేదు.

"ఆయన కాలు ఈడ్వడం బొమ్మలో ఎందుకు లేదు?" మొగుడి వైపు తిరిగింది. "చప్పుడుంటే కాలు కదలాలి కదా?"

మొగుడి మొహంలో నవ్వు మెల్లగా ఇంకిపోయింది. "కాలు కదుల్తుంది. కానీ కనపడదు."

"ఎందుకని?"

"అంగీ నేల దాకా ఉంటుంది." గొంతు సర్దుకున్నాడు. "మొదట మోకాళ్ళ దాకానే ఉండేది. గాలికి ఊగితే అందంగా ఉంటుందని నేనే పొడుగు చేశాను. అందరూ బావుందన్నారు."

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కాపలావాడి పాదం మీద ఇతను అందంగా గుడ్డ కప్పాడు. ఆ పాదం చప్పుడు చేస్తే, అత్తగారి మీద గౌరవంతో ఈమె చెవులు మూసుకుంది. కోడలి మీద ప్రేమతో ఆవిడ దొంగనిద్ర పోయింది. ఒకరి మీద ఒకరికి అంత ప్రేమ లేకపోతే ఎవరో ఒకరికి నిజం ముందే తెలిసేది.

కోడలు లేచి రెండడుగులు అటూ ఇటూ నడిచింది. ఇప్పుడామెకి రెండు సంగతులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. రెండూ బాగాలేవు. పెద్దక్క తన మాట విన్నది తను గెలిచిందనుకుని. తను గెలవలేదు. రెండోది ఇంకా దారుణం. మెత్తబరచమని తనిచ్చిన సలహా తప్పు. ఆ కాపలావాడికి బలం ఎక్కువై కాదు, అతని హెచ్చరిక చెవులకి మాత్రమే అందుతోంది. చంటిపిల్లని నిద్రపుచ్చి ఆడుకునే తల్లి ఉంటుంది. అసలు వినపడనివాళ్ళుంటారు. వాళ్ళ కోసం అంగీ ఓ జానెడు కత్తిరించాలి కానీ, ఆయన ఈటెని చీపురుపుల్ల చెయ్యకూడదు. చేస్తే, కుర్చీలోంచి లేచి తనకి తానే చప్పట్లు కొట్టుకునే ఆనందం ఇంకెవరికీ మిగలదు. రేపు సాయంత్రంతో తాళం.

"సోమవారం చేరు. చేరాక మెల్లగా చెప్పొచ్చు" అన్నాడు మొగుడు, చెప్పలేక చెప్తున్నట్టు. "ఇప్పుడు చెప్తే, గెలవనిదానివి నీకేం తెలుసంటారు. లెక్కల మాస్టారు మద్దెల మాట తీస్తాడు. నువ్వీ ఉద్యోగం ఎంత కోరుకున్నావో నాకు తెలుసు."

కోరుకుంది. ఈ ఊళ్ళో ఫలానావాళ్ళ కోడలు, ఫలానా అతని భార్య కాక తనకంటూ ఒక కుర్చీ ఉండాలని కోరుకుంది. పదినిమిషాల క్రితం ఆ కుర్చీ దొరికింది. దాన్లో కూర్చున్నది అత్తగారి ముప్ఫై రెండు ఓటములూ ఒక గెలుపూ.

"సోమవారానికి ఆయన చీపురుపుల్ల పట్టుకుని నిలబడి ఉంటాడు" అంది. ఫోను తీసింది. ఈసారి ముక్కుతో కాదు, తడి తుడుచుకున్న వేలితో. స్పీకరు మాత్రం పెట్టింది. దాచుకోవడానికి ఈ ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు.

పెద్దక్క అంతా విన్నది.

"అంటే గెలిచింది మీరు కాదు" అంది చివరికి.

"కాదండీ. మా అత్తగారు. ఆవిడ గెలిచారు కాబట్టి ఆ గుమ్మం అలాగే ఉండాలంటున్నారు. నేను ఓడాను కాబట్టి కాలు కనిపించాలంటున్నాను. మెత్తబరచమని నేను రాసింది తప్పండీ. దయచేసి అది చెయ్యకండి."

అవతల ఎవరో మగగొంతు ఏదో అన్నది. మాటలు తెలియలేదు కానీ, 'మద్దెల' అన్నది మాత్రం స్పష్టంగా వినిపించింది. పెద్దక్క గొంతు చల్లబడింది. "చూడమ్మా, నిజం చెప్పారు, సంతోషం. కానీ నేను ఇక్కడ అందర్నీ ఒప్పించింది ఆ నలభై రెండో ఆట చూపించి. ఇప్పుడు వీళ్ళకి ఏం చూపించను? ఉద్యోగం సంగతి ప్రస్తుతానికి పక్కన పె..."

మాట పూర్తికాకుండానే ఒక చెయ్యి వచ్చి కోడలి చేతిలోంచి ఫోను అందుకుంది.

"నమస్కారమండీ, నేను ముప్ఫై రెండుసార్లు ఓడినావిణ్ణి మాట్లాడుతున్నాను" అంది అత్తగారు, వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడేలా చెప్పే క్లాసు గొంతుతో. "చూపించడానికి మేం వస్తాం. రేపు పదింటికి. మీ లెక్కల మాస్టార్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. చప్పుడు పూర్తిగా తీసేసి నేనాడతాను. చప్పుడు పెట్టుకుని మా కోడలు ఆడుతుంది. కాపలావాడి బలమెంతో, చప్పుడు బలమెంతో అప్పుడు తేలిపోతుంది. ఇవాళ ఇంట్లో ఆ పెట్టెని ఎవరూ ముట్టుకోరు, పరీక్ష ముందురోజు పేపరు చూడటం మా ఇంటా వంటా లేదు. గెలిచేదెవరో ఓడేదెవరో మాక్కూడా తెలీదు. రేపు మీరూ మేమూ కలిసే చూద్దాం."